కల్లుముంతకు మార్కు లెన్ని?

వేసవి తొలి దినములలో ఏలూరు నుండి కొల్లేటి మీదుగా కైకలూరు పోవు బాటసారికి, తెల్లవారుజామున పొలము గట్ల మీది తాటిచెట్ల తలలయందు మనుష్యు లగపడుదురు. నడుమునకు మోకు, పాదములకు బందము, మొలను కత్తి, భుజమున లొట్టి. చెట్టు దిగిన లొట్టిలోని కల్లు ఎటువంటిదో గుక్కెడు పుచ్చుకొని చెప్పగలవారు ఆ ప్రాంతపు గ్రామములలో నేటికిని కొందరు గలరు. అది పోతుతాటిదా పెంటితాటిదా, రాత్రి దిగినదా నిన్నటి మిగులు కలిసినదా, లొట్టి కడిగి కట్టినదా కడుగక కట్టినదా అను విషయములను వారి నాలుక నిర్ణయించును. ఈ విద్యకు పుస్తకము లేదు. తండ్రి వెంట చెట్టు మొదటికి పోయి నిలుచుండు కుఱ్ఱవాడు నేర్చుకొనవలసినదే.

ఇదే విద్యకు ఐరోపా, అమెరికా ఖండములలో పుస్తకములు, పరీక్షలు, పట్టములు, పతకములు అన్నియు గలవు. అచ్చటి బీర్లకును ద్రాక్షాసవములకును మన విద్యార్థుల జవాబుపత్రములకు వేసినట్లే మార్కులు వేయుదురు. బీరును పరీక్షించు న్యాయనిర్ణేతల కొరకు 1985లో అమెరికాలో ఒక సంస్థ ఏర్పడెను. బెల్జియము, జర్మనీ, ఇంగ్లండుల బీర్లన్నియు దాని పరీక్షకు లోబడునవే. ఆ పత్రమున మొత్తము 50 మార్కులు: వాసనకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటికి తగులు స్పర్శకు 5, సమగ్రాభిప్రాయమునకు 10. రూపమునకు మూడే మార్కు లుంచుట గమనింపదగినది. మన పాఠశాలలలో చక్కని చేతివ్రాతకు దక్కు పాలు ఇంతకంటె ఎక్కువ యుండదు. ద్రాక్షాసవములకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు 20 మార్కుల పద్ధతిని కల్పించిరి. రాబర్టు పార్కరు అను విమర్శకుడు 1978 మొదలు 100 మార్కుల పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఇందు లెక్క 50 నుండి ఆరంభమగును. అనగా పరీక్షకు హాజరైన ప్రతి సీసాకును సగము మార్కులు ముందే పడియుండును. ఈ సంగతి తెలిసినచో మన పదవ తరగతి విద్యార్థులు అసూయపడక మానరు.

పరీక్షించు విధానమును చూచినచో ఇది తాగుబోతుల వ్యవహారము కాదని తెలియును. న్యాయనిర్ణేత మొదట గ్లాసును వెలుతురున కెత్తి రంగును, తేటదనమును, నురగ నిలుకడను చూచును. పిదప వాసన చూచును. తరువాతనే గుక్కెడు నోట నుంచుకొని నాలుక అంతటను త్రిప్పును. ద్రాక్షాసవములైనచో మ్రింగక ఉమిసివేయుదురు. దినమునకు అనేక రకములు చూడవలసిన వానికి అది తప్పనిసరి. తేలికవి ముందు, ఘాటైనవి వెనుక. సీసాల మీది పేర్లు కప్పియుంచి అంకెలు మాత్రమే వేయుదురు. పబ్లికు పరీక్షలలో జవాబుపత్రము మీది పేరును దాచుట ఎందు కవసరమో ఇచ్చటను అందులకే అవసరము. 1976 మే నెలలో పారిస్ నగరమున పేర్లు దాచి జరిపిన పరీక్షలో, ఫ్రెంచి నిపుణులే న్యాయనిర్ణేతలై యుండియు కాలిఫోర్నియా ద్రాక్షాసవములకు ప్రథమస్థానములు దక్కెను. పేర్లు కనబడియున్నచో అట్లు జరిగి యుండెడిది కాదని ఆ నిపుణులే ఎరుగుదురు.

కన్ను నాలుకను ఎంతగా మోసగించునో తెలుపు పరిశోధన యొకటి 2001లో వెలువడెను. బోర్డో నగరమున ద్రాక్షాసవ శాస్త్రము చదువుచున్న 54 మంది విద్యార్థులకు తెల్ల ద్రాక్షాసవమునందు రుచియు వాసనయు లేని ఎఱ్ఱరంగు కలిపి యిచ్చిరి. వారు దానిని వర్ణించుటకు వాడిన మాటలలో ఎక్కువ భాగము ఎఱ్ఱని ద్రాక్షాసవమునకు వాడు మాటలే. చదువుకొన్న నాలుకలే అట్లు పొరపడినపుడు, వీథిలోని వాడు చీటీని చూచి సీసాను మెచ్చుకొనుటలో వింత లేదు. కల్లుముంతకు చీటీ లేదు. అది ఒక లోపమని అందురు గాని, ఈ పరిశోధన దృష్ట్యా అదియే దాని సౌకర్యము.

రుచులకు పేర్లు పెట్టుటలో తెలుగువాడు ఎవరికిని తీసిపోడు. ఉగాదినాటి పచ్చడితో ఆరు రుచులను అక్షరాభ్యాసమునకు ముందే మన పిల్లలు నేర్తురు. పాశ్చాత్య శాస్త్రము తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగింటితో చిరకాలము సరిపెట్టుకొని, 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెదా కనుగొన్న ఐదవదానిని చాల ఆలస్యముగ అంగీకరించెను. వగరు అను మాట మనకు ఉన్నంత సహజముగ ఆంగ్లమున లేదు. పోర్టు అను పోర్చుగల్ ద్రాక్షాసవమును చప్పరించిన ఆంగ్లవిమర్శకుడు నోరు పట్టుకొనిపోవు ఆ గుణమును చెప్పుటకు రసాయనశాస్త్రపు మాటను తెచ్చుకొనవలసి వచ్చెను. పచ్చి అరటిదూటను, ఉసిరికను, లేత జామను ఎరిగిన తెలుగుపిల్లకు ఒక్క మాట చాలును. పోర్టులో ఎండుద్రాక్షయు బెల్లపు పాకమును, మదీరాలో అడుగంటి మాడిన పాకమును, ఐర్లండు నల్లబీరులో మాడవేయించిన కాఫీగింజను, బ్రస్సెల్స్ పుల్లబీరులో చింతచిగురును తెలుగు నాలుక గుర్తింపగలదు. మార్కుల పట్టికలు మనకు లేకపోవుటకు కారణము మాటల కొరత కాదు. కారణము వేరొకచోట నున్నది.

తాటిగెల కొనను దినదినము పలుచగ చెక్కుచుండగా దాని నుండి బొట్టుబొట్టుగ దిగు రసమున నూటికి 10 మొదలు 15 పాళ్లు చక్కెర యుండును. దానిలో మత్తు ఏమియు లేదు. కాని లొట్టిలో పడిన క్షణము నుండి గాలిలోని, గెలమీది, లొట్టి గోడలలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరపై పడును. వానిలో కొన్ని మద్యసారమును, కొన్ని పెరుగును తోడబెట్టునట్టి పులుపును పుట్టించును. సూర్యోదయమునకు దింపిన కల్లు తియ్యగ, సన్నని నురగతో నుండును. ఎండ ముదిరిన కొలది తీపి తరగి పులుపు హెచ్చును. సాయంకాలమునకు మద్యసారము నూటికి 4 మొదలు 6 పాళ్లకు వచ్చి, బీరుతో సమానమగును. మరునాటికి అది పుల్లనీరు, ఆపైన వెనిగరు. ఇట్టి పానీయమునకు మార్కు లెన్ని అని అడిగినచో, ఏ గంటకు అని తిరిగి అడుగవలసి యుండును.

చెట్టును బట్టియు ఋతువును బట్టియు కల్లు మారును. ఈతచెట్టును చలికాలమున గీయుదురు. దానికి గెలను గాక మొవ్వుక్రింద కాండమునే చెక్కుదురు. పోతుతాటి గెలలను వేసవికి ముందు ఆరంభింతురు. పెంటితాటిని గీసినచో ఆ గెలకు ముంజలు దక్కవు. ఇది ఇంటి పిల్లలకును గీతగానికిని నడుమ ప్రతి సంవత్సరమును నడచు వివాదము. గోదావరి జిల్లాలలోని శెట్టిబలిజలు, ఇతర ప్రాంతములలోని గౌడులు, ఈడిగలు, యాతలు ఈ భేదములను తరతరములుగా ఎరుగుదురు. తాడిచెట్టు ఎక్కుట కూలిపని యని తలచువారు, ఆ పనిలో సగము నాలుకదియు ముక్కుదియు అని ఎరుగరు.

కల్లునకు నిజమైన చుట్టము ఐరోపాలో ఒకటి గలదు. బెల్జియము రాజధాని బ్రస్సెల్స్ నగరము నంటి సెన్ అను చిన్న నది పారుచున్నది. ఆ లోయలో లాంబిక్ అను బీరును కాచుదురు. మొలకెత్తించిన బార్లీని, గోధుమను ఉడికించి హాప్సుపువ్వులు వేసి కాచిన కషాయమును, వెడల్పైన రాగితొట్లలో పోసి, చలికాలపు రాత్రి కిటికీలు తెరచి వదలివేయుదురు. ఈస్టును ఎవరును వేయరు. గాలియే దానిని తెచ్చును. పిదప కొయ్యపీపాలలో ఒకటి మొదలు మూడు సంవత్సరములు నిలువయుంచి, లేతదానిని ముదురుదానితో కలిపి గేజ్ అను పుల్లబీరును చేయుదురు. 1900లో స్థాపితమైన కాంటియాన్ కార్ఖానాలో సాలెగూళ్లను సైతము దులుపరు. దులిపినచో సూక్ష్మజీవుల సంసారము చెదరునని వారి భయము. లొట్టిని మరీ శుభ్రముగ కడుగరాదను గీతగాని నియమమునకును దీనికిని భేద మేమి?

మిగిలిన ఐరోపా ఈ మార్గమును విడిచిపెట్టినది. పాశ్చర్ మహాశయుడు 1876లో బీరును గూర్చిన గ్రంథమును ప్రకటించి, చెడిన బీరు సూక్ష్మజీవుల వలన చెడుచున్నదని చూపెను. డెన్మార్కు దేశమున కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ 1883లో ఒకేజాతి ఈస్టును వేరుపరచి పెంచెను. అప్పటి నుండి బీరు ప్రతి సీసాలోను ఒకే రుచి నిచ్చు వస్తువయ్యెను. అదే ప్రయోగశాలలో క్లౌసెన్ 1904లో ఇంగ్లండు బీర్ల నుండి మరియొక అడవి ఈస్టును పట్టుకొని బ్రెట్టనోమైసిస్ అని పేరుపెట్టెను. ‘బ్రిటిషు బూజు’ అని దాని యర్థము. తక్కిన కార్ఖానాలవారికి ఆ బూజు శత్రువు. లాంబిక్ కాచువారికి మిత్రుడు. ఒకని దోషము మరియొకనికి గుణమగుట రుచిశాస్త్రమున తరచుగ జరుగునదే. మన ఇండ్లలో ఆవకాయ ఊట కొందరికి ప్రాణము, కొందరికి పాడైన జాడీ.

అయితే లాంబిక్‌కు పేరు, మార్కులు, దేశదేశముల గిరాకి వచ్చుటయు, కల్లునకు రాకపోవుటయు ఏల? లాంబిక్ పీపాలో మూడేండ్లు నిలుచును, సీసాలో ఇంకను నిలుచును; కల్లు మూడు పూటలు నిలువదు. బ్రస్సెల్స్‌లో చూచిన సీసానే లండనులో చూచి, ఒకరి తీర్పును మరియొకరు సరిపోల్చవచ్చును. నిన్నటి కల్లును నేడు ఎవరును తిరిగి పరీక్షింపలేరు. అది కనబరచిన గుణము దానిని త్రాగినవాని జ్ఞాపకముననే యుండును.

నిలువయుండుట, ప్రయాణము చేయుట అను రెండింటి మీదనే ఐరోపా పానీయముల కీర్తి నిలిచియున్నది. ఈ సత్యమునకు సాక్ష్యము కొల్లేటికి దూరమున లేదు. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారు మచిలీపట్టణమున దిగిరి. 1611లో ఆంగ్లేయులు అచ్చటనే వర్తకశాలను పెట్టిరి. ఆ శతాబ్దముననే పాలకొల్లున డచ్చివారును, నరసాపురము చేరువ మాధవాయపాలెమున ఆంగ్లేయులును స్థిరపడిరి. మాధవాయపాలెపు గుడ్డ మడపొల్లము అను పేరుతో ఐరోపా అంగళ్లకు పోయెను. వారు కొనిపోవుటకు గుడ్డలు ఇచ్చట సిద్ధముగ నుండెను. త్రాగుటకు స్వదేశపు పానీయములు మాత్రము ఓడల మీద రావలసినదే. వేడిసముద్రముల మీద నెలల తరబడి వచ్చు ద్రాక్షాసవము దారిలోనే పులిసి చెడును. దానికి బ్రాందీ చేర్చి బలపరచుట విరుగుడయ్యెను.

పోర్టునకు పులియుట సగములో నుండగనే బ్రాందీ పోయుదురు. ఈస్టు చచ్చి తీపి మిగిలిపోవును. స్పెయిను దేశపు షెర్రీకి పూర్తిగ పులిసిన పిదప పోయుదురు. కావున అందు అనేక రకములు తీపిలేక పొడిగ నుండును. ఆట్లాంటికు సముద్రమునందలి మదీరా ద్వీపపు ద్రాక్షాసవము కథ విచిత్రమైనది. ఇండియాకు వచ్చు కంపెనీ ఓడలు ఆ ద్వీపమున ఆగి పీపాలు ఎక్కించుకొనెడివి. ఓడ గర్భములోని ఉక్కకు భూమధ్యరేఖ దాటిన పీపాలు చెడుటకు మారుగ మేలయ్యెను. పోయి తిరిగివచ్చిన పీపాలకు హెచ్చు ధర పలికెను. తరువాతి కాలమున ఆ ద్వీపవాసులు ప్రయాణము లేకుండనే పీపాలను వేడిగదులలో నుంచి, సముద్రయానపు ఫలితమును ఇంటనే సాధించిరి. చోడి అంబలిని పొయ్యి ప్రక్కన పులియబెట్టు మన యిల్లాండ్రకు ఈ ఉపాయము కొత్తగ తోచదు.

బీరు సంగతియు అంతియే. 18వ శతాబ్ది చివర లండను నగరపు హాడ్జ్‌సన్ కార్ఖానా నుండి హాప్సు మిక్కుటముగ వేసిన లేతరంగు బీరు ఇండియాకు ఎగుమతి అయ్యెను. 1820 తరువాత బర్టన్ పట్టణపు వర్తకులు అందు ప్రవేశించిరి. హాప్సు చేదే బీరును చెడకుండ కాపాడినది. ఇండియా పేల్ ఏల్ అను ఆ పేరు నేటికిని ప్రపంచమంతటను నిలిచియున్నది. ఇండియాలో కాచనిది, ఇండియావారు త్రాగనిది, ఇండియా పేరు ధరించినది.

కల్లు ఓడ యెక్కలేదు గాని దాని పేరు ఎక్కెను. హిందీ ‘తాడీ’ ఆంగ్లమున ‘టాడీ’ అయ్యెను. తరువాత స్కాట్లండు చలిలో విస్కీయు వేడినీరును చక్కెరయు కలిపిన పానీయమునకు అదే పేరు పెట్టుకొనిరి. మరియొక సంగతి. కల్లును కూలివారి త్రాగుడని తీసివేసిన దొరల ఇండ్లలో, ఈస్టు దొరకని దినములలో రొట్టెపిండిని పొంగజేసినది కల్లే. తమ బల్ల మీద మదీరాకు మన్ననయు, వంటయింట కల్లునకు పనియు కల్పించిరి.

ఇంగ్లీషు ప్రభుత్వము కల్లును, సారాయిని పరీక్షింపక పోలేదు. పరీక్షించినది రుచిని కాదు. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టము ఈ వ్యాపారమునంతయు సర్కారు చేతిలోనికి తెచ్చెను. కల్లునకు చెట్టు పన్ను. గీయుటకు అనుమతి పొందిన చెట్టుకు గుర్తు వేయుదురు. గుర్తు లేని చెట్టును గీయుట నేరము. సారాయికి హైడ్రోమీటరు. పూర్వము ఇంగ్లండులో సారాయిని తుపాకిమందు మీద పోసి నిప్పంటించెడివారు. మందు అంటుకొనినచో అది ‘ప్రూఫు’నకు నిలిచినట్లు, తడిసి ఆరిపోయినచో నీరు కలిపినట్లు. ఆ మోటుపద్ధతికి మారుగ 19వ శతాబ్ది ఆరంభమున సైక్స్ అను నాతని హైడ్రోమీటరు వచ్చెను. ప్రూఫు అనగా నూటికి 57 పాళ్ల మద్యసారమని స్థిరపడెను. సారాయి ఇన్ని డిగ్రీలు ప్రూఫునకు తక్కువ అని రిజిస్టరున ఎక్కును. అంతటితో దాని విలువ తేలినది. బెల్లపు సారాయియా, ఇప్పపువ్వు సారాయియా, గొంతు కోయునా, దిగునా అను గడి ఆ రిజిస్టరున లేదు. దొరగారి బల్ల మీది పోర్టునకు సంవత్సరము, తోట, వర్తకుని పేరు అన్నియు గలవు. ప్రజల పానీయమునకు ఒక్క అంకె.

మన ప్రాచీనులు ఇంతకంటె విపులముగ వ్రాసిరి. కౌటిల్యుని అర్థశాస్త్రము సురాధ్యక్షుని విధులను చెప్పుచు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని రకములను, వాని పాళ్లను వివరించినది. చరకసంహిత 84 ఆసవములను ధాన్యము, ఫలము, వేరు, పువ్వు మొదలగు మూలములను బట్టి విభజించినది. ద్రాక్షారిష్టము నేటికిని ఆయుర్వేదపు అంగళ్లలో మందుసీసాగ నిలిచియున్నది. అదియు తనంత తాను పులిసినదే.

తరువాత మద్యనిషేధము వచ్చెను. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో ఆరంభించిన నిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికిని వ్యాపించెను. గీతపనివారి జీవనము ఒక్క సంతకముతో ఆగిపోయెను. తియ్యని నీరా గీయుటకు మాత్రము అనుమతి గలదు, లొట్టి లోపల సున్నము పూయవలెను. సున్నము రసమును పులియనీయదు. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప 1954లో రామమూర్తి సంఘము నిషేధము విఫలమైనదని, దానిని ఎత్తివేయవలసినదని నివేదించెను. ప్రకాశము పంతులుగారి ప్రభుత్వ మందుల కంగీకరింపలేదు. గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున ఆందోళన నడపిరి. ఆ సంవత్సరము నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గి, ఆంధ్రకేసరి మంత్రివర్గము పడిపోయెను. నిషేధము 1969లో సడలెను.

మద్యమునకు మరియొక న్యాయస్థానము గలదు, అది ఇల్లు. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో వయోజనవిద్య సాగుచుండగా, రాత్రిబడిలోని సీతమ్మ కథ అను పాఠము సారాయి వలన చెడిన సంసారమును చెప్పెను. చదువుకొనిన స్త్రీలు ఆ పాఠమును పలకల మీద వదలిపెట్టలేదు. 1992లో దూబగుంటలో ఆరంభమైన వారి తిరుగుబాటు రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరున సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి 1997లో సడలెను. ఆ స్త్రీలు వేసిన మార్కులలో వాసనకు, నురగకు పాలు లేదు. కూలిడబ్బులో ఇంటికి చేరిన దెంత అనునదే వారి కొలత. రుచిని గూర్చి వ్రాయువా రెవరైనను ఈ కొలతను ప్రక్కకు నెట్టి వ్రాయుట న్యాయము కాదు.

అయినను రుచి తెలియకుండుట వలన కలుగు కీడు వేరుగ నున్నది. చెట్టు మొదట ముంత పుచ్చుకొనువానికి ఏ చెట్టుదో, ఎవరు గీసిరో తెలియును. నగరపు కల్లుదుకాణమున సీసా నందుకొనువానికి ఏదియు తెలియదు. అక్కడ చెట్లకంటె కల్లు ఎక్కువ. క్లోరల్ హైడ్రేటును, నిద్రమాత్రల మందులను నీటిలో కలిపి, చక్కెరతో తీపి, నురగతో రూపము కల్పించి కల్లని అమ్ముట తెలంగాణములో దశాబ్దముల నుండి నడచుచున్న దుర్మార్గము. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున అట్టి కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. తాటికల్లు యొక్క వగరు చివర, ఈతకల్లు యొక్క జీర్ణించు పులుపు ఎట్లుండునో ఎరిగిన నాలుక ఆ సీసాను గుక్కెడుతోనే ప్రక్కన పెట్టును. మత్తును మాత్రమే వెదకు నాలుకకు మందుకును కల్లునకును భేదము తెలియదు. రిజిస్టరులోని ఒక్క అంకెకు అలవాటుపడిన సమాజమున కల్తీవానికి పని సులువు.

కొల్లేటి చుట్టును చెట్లు తగ్గుచున్నవి. 1980 తరువాత పొలములు చేపలచెరువులైన చోట గట్లును, గట్లతో తాళ్లును పోయినవి. 1999లో సరస్సు అభయారణ్యమైనది. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగ గుర్తింపు పొందినది. 2006లో లోపలి చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. పక్షులకు కొంత మేలు జరిగినది గాని పోయిన తాడి తిరిగి ఎదుగుటకు పదునైదు ఇరువది సంవత్సరములు కావలెను. గీతగాండ్ర కుమారులు బడికి పోవుచున్నారు. చెట్టు నుండి పడి నడుము విరిగిన తండ్రిని చూచిన కుమారుడు మోకు పట్టకుండుటను ఎవరు తప్పు పట్టగలరు?

తాడేపల్లిగూడెమునకు చేరువ వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యానవిశ్వవిద్యాలయము ఏర్పడెను. దాని క్రింద పందిరిమామిడి పరిశోధనస్థానమున తాడిచెట్టును గూర్చి, నీరాను గూర్చి పనిచేయుచున్నారు. పులియని రసమును చల్లగ దింపి నిలువయుంచుట, తాటిబెల్లము వండుట వారి ప్రయత్నము. ఇందు ప్రయోగశాల కెంత పని గలదో, తెల్లవారుజామున లొట్టిలోనికి వంగి వాసన చూచు గీతగానికిని అంత పని గలదు. రసము పులియుట మొదలిడిన క్షణమును వాని ముక్కు ముందుగ కనిపెట్టును.

ఒకే చెట్టుకు, ఒకే రాత్రి, రెండు గెలలకు రెండు లొట్లు కట్టుదురు. ఒకదాని లోపల తెల్లగ సున్నము పూసియుండును. రెండవదాని అడుగున నిన్నటి కల్లు తడి ఆరియుండును. తెల్లవారిన పిదప దిగి వచ్చిన గీతగాడు మొదటిదానిని పిల్లలకు, రెండవదానిని పెద్దలకు వంచును.